చింతలనార్ దాకా వెళ్లొచ్చాం

నవమి జనం తగ్గారు. తలంబ్రాలు దొరికినవాళ్లు కొంగున ముడేసుకుని, దొరకనివాళ్లు వచ్చే ఏడు చూద్దామనుకుని ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. భద్రాచలం కరకట్ట మీద సాయంత్రం పూట నడవడానికి మళ్లీ చోటు దొరుకుతోంది. గోదావరి సన్నబడి ఇసుకతిన్నెలు బయటపడ్డాయి. పొద్దున తొమ్మిది దాటితే చెప్పులు లేకుండా వాకిట్లోకి రాలేకపోతున్నాం. శుక్రవారం రాత్రి పక్క వాటాలో ఉండే నా స్నేహితురాలు గుమ్మంలోకి వచ్చి, "ఇప్పపువ్వు అయిపోవస్తోందట. మా అమ్మ ఫోన్ చేసింది. రేపు పోదాం, వస్తవా?" అంది. తొమ్మిదేళ్లుగా పిలుస్తూనే ఉంది. ఈసారి నేనూ సంచి సర్దేశాను.

ఆమె ఇక్కడ ఏఎన్‌ఎం. పుట్టింది చింతలనార్ పక్కన ఒక చిన్న పల్లెలో. పల్లె పేరు రాయొద్దంది, రాయను. మూడో తరగతిలో ఉండగా గొడవలు ముదిరి బడి ఆగిపోతే, చర్ల దగ్గర మేనత్త ఇంటికి పంపేశారు. అప్పట్లో దారి లేదు, అడవిలో నడిచే వచ్చింది. అమ్మానాన్నలు మాత్రం ఊళ్లోనే ఉండిపోయారు.

ఈ ప్రయాణంలో ఒక తమాషా ఉంది. భద్రాచలం తెలంగాణ. ఊరి చివర ఎటపాక వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్. 2014లో ఊరు ఇటు, చుట్టూ పల్లెలు అటు అయ్యాయి కదా! చట్టి దగ్గర చింతూరు దారి వదిలి ఉత్తరానికి పోతే టిఫిన్ వేళకు కుంట, అంటే ఛత్తీస్‌గఢ్. కుంటలో శబరి ఒడ్డున నిలబడితే అవతల కనిపించేది ఒడిశా, మోటు వైపు. ఒక్క పూటలో మూడు రాష్ట్రాల నేల తొక్కి నాలుగోదాన్ని కంటితో చూశాం. మాట మాత్రం మారలేదు. పూరీలు వేస్తున్న పెద్దాయన "పచ్చడి ఇంకొంచెం వెయ్యనా అమ్మా" అని తెలుగులోనే అడిగాడు. ఆయన వెనక గోడ మీద నా తల కంటే ఎత్తున మట్టి మరక ఉంది. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు వచ్చినప్పుడు శబరి వెనక్కి తన్ని కుంటను ముంచింది, అప్పటిదట. సున్నం వేయించలేదేం అని అడిగితే, "గుర్తుండాలి గదా" అన్నాడు. పోలవరం నిండితే నీళ్లు ఎంతదాకా వస్తాయన్నది ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ నడిచే మాట.

ఇంజరం, ఎర్రబోరు, తర్వాత దోర్నపాల్. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక లోపలి పల్లెల జనాన్ని తెచ్చి శిబిరాల్లో పెట్టిన ఊళ్లలో దోర్నపాల్ ఒకటి. పల్లెల యువకుల చేతికి తుపాకులిచ్చి పోలీసు పనికి వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి మన తెలుగువాడే. తీర్పు వచ్చినా శిబిరానికి వచ్చినవాళ్లందరూ తిరిగి ఊళ్లకు పోలేదు. పెంకుటిళ్లు కట్టుకుని ఇక్కడే ఉండిపోయినవాళ్లున్నారు. నా స్నేహితురాలి పెద్దమ్మ కూడా ఇక్కడే ఉంది. ఆమెకు అరడజను అరటిపళ్లు, ఒక చీర ఇచ్చి కదిలాం.

దోర్నపాల్ నుంచి జగర్గొండ 56 కిలోమీటర్లు. మన పేపర్లలో ఈ రోడ్డు ఎన్నిసార్లు వచ్చిందో! పోలంపల్లి, చింతగుఫా, బుర్కాపాల్, చింతలనార్. ఒక్కో పేరూ నేను చావు వార్తల్లోనే మొదట చదివాను. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల అడవిలో 76 మంది జవాన్లు చనిపోయారు. వాళ్లలో 75 మంది సీఆర్పీఎఫ్, ఒకరు రాష్ట్ర పోలీసు. మరుసటి ఏడు మార్చిలో తాడ్‌మెట్ల, మోర్‌పల్లి, తిమ్మాపురం పల్లెల్లో 200కు పైగా ఇళ్లు తగలబడ్డాయి. 2017 ఏప్రిల్ 24న బుర్కాపాల్ దగ్గర ఇదే రోడ్డు పనికి కాపలా ఉన్న 25 మంది జవాన్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఏప్రిల్ నెల ఈ దారికి అచ్చిరాలేదని నా స్నేహితురాలు స్టీరింగ్ మీద చేతులు పెట్టి నెమ్మదిగా అంది. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

రోడ్డు ఇప్పుడు బాగుంది. కొద్ది కొద్ది దూరానికో క్యాంపు. పేరు, ఊరు, ఎవరింటికి అని అడిగి రాసుకున్నారు. "మా ఇంటికే" అంది ఆమె. ఆ రెండు మాటలూ ఆ పిల్ల ఎంత గట్టిగా అందో నాకింకా చెవిలో ఉంది.

హిందీ బోర్డు మీద 'చింతగుఫా' అని ఉంటుంది. గుఫా అంటే గుహ కదా అని చుట్టూ చూశాను. గుహా లేదు, ఏమీ లేదు. ఆమె నవ్వి, "మా అమ్మ చింతగుప్ప అంటది" అంది. మన దుమ్ముగూడెం వైపూ ఒక చింతగుప్ప ఉంది. చింతలనార్ కూడా అంతే. 'నార్' అంటే కోయ, గోండి మాటల్లో ఊరు. ముందరి సగం మన చింత, వెనక సగం వాళ్ల ఊరు. ఇన్నేళ్లు పేపర్లో చదివి, చింతచెట్ల ఊరని ఒక్కసారైనా విడదీసి చూడలేదు నేను.

చెట్లు నిజంగానే ఉన్నాయి. పల్లె చేరేసరికి పన్నెండు దాటింది. వాళ్ల వాకిట్లో చింతకాయల కుప్ప మోకాలెత్తు పోసి ఉంది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు చేతికర్రలతో కొడుతూ కూర్చున్నారు. వాళ్లమ్మ లేచి, చేతుల్ని కొంగుకు తుడుచుకుని, "దా బిడ్డా, ఎండలో పడి వచ్చిన్రు" అంటూ నా చేతిలో చెంబు పెట్టింది. ఆనపకాయ బుర్రలోంచి వంచిన బియ్యం జావ, చల్లగా, కొద్దిగా పులిసి. నంజుకోవడానికి ఎండుమిర్చి, ఉప్పు కలిపి నూరిన కారం. రెండు చెంబులు తాగాను. నెత్తి మీది ఎండంతా అరికాళ్ల గుండా దిగిపోయినట్టయింది.

చింతపండు పనికి ఒక చేతివాటం ఉంది. ముందు పెంకు పగలగొట్టాలి, తర్వాత ఈనెలు లాగాలి. గింజతో అలాగే అమ్మితే వ్యాపారులు 'ఆటీ' అంటారు. గింజ కూడా తీసి పువ్వులా విప్పి పెడితే 'ఫూల్'. ఫూల్‌కు ధర ఎక్కువ, కానీ గింజలు తీస్తూ కూర్చుంటే రోజంతా అయినా గంప నిండదు. నేను గంట కూర్చుని బొటనవేలి గోరు చీల్చుకున్నాను. వాళ్లమ్మ ఆ వేలు పట్టుకుని చూసి, పసుపు రాసి, "నువ్ గింజలు ఏరు, చాలు" అంది. జగదల్‌పూర్ చింతపండు మార్కెట్ ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకుంటారు. అక్కడికి చేరే బస్తాల్లో ఇలాంటి గోళ్లు ఎన్ని చీలి ఉంటాయో! ఒకప్పుడు జగర్గొండ కూడా అడవి సరుకుకు పెద్ద అడ్డా. మన వైపు వ్యాపారులే వెళ్లేవారు. ఉప్పు పోసి, అంతే సారపప్పు కొలుచుకుపోయిన రోజులు వాళ్లమ్మకు గుర్తున్నాయి. ఇప్పుడు సారపప్పు కిలో భద్రాచలంలో ఎంతకు అమ్ముతున్నారని నన్నడిగింది. చెప్పాను. ఏమీ అనకుండా మళ్లీ చింతకాయ అందుకుంది.

ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి లేపారు. ఇప్పపువ్వు చీకటితో రాలుతుంది. ఆలస్యమైతే పశువులు తినేస్తాయి, ఎండకు వాడిపోతుంది. అంతకుముందే వస్తే ఎలుగుబంటి ఎదురవుతుంది, దానికీ ఆ పువ్వంటే ప్రాణం. అందుకే గుంపుగా, టార్చిలైట్లతో, గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికీ తెలుసు. చెట్టు కింద ఎండాకు ముందే తగలబెట్టి నేల శుభ్రం చేసి పెట్టుకుంటారు. ఆ నల్లటి బూడిద నేల మీద మీగడ రంగు పూలు. ముత్యాలనబోయి ఆగాను, ముత్యానికి ఆ వాసన ఎక్కడిది? తీయగా, కాస్త పులుపుగా, తల తిరిగేటంత. వేళ్లతో పట్టుకుంటే నీళ్లున్న ద్రాక్షలా మెత్తగా ఉంది. నోట్లో వేసుకున్నాను. మొదట తీపి, చివర చిన్న వగరు. చెట్టుకు అప్పటికి ఆకులు లేవు, కొమ్మల చివర రాగి రంగు చిగుళ్లు మాత్రం మొదలయ్యాయి. మేం నిలబడి ఉండగానే టప్ టప్‌మని రాలుతూనే ఉన్నాయి. ఒకటి నా భుజం మీద పడింది. ఎవరి నోట మాట లేదు, వంగిన నడుములు, నిండుతున్న తట్టలు. ఆరేళ్ల మేనకోడలు కూడా తన చిన్న బుట్ట నింపి గాని లేవలేదు.

ఇంటికి తెచ్చి నేల మీద పరిచారు. రెండు మూడు రోజులకు ఎర్రబడి, తర్వాత కిస్మిస్ రంగుకు వస్తుంది. ఎండితే బరువు సగానికి పైగా పడిపోతుంది. దాంతో సారా కాస్తారని, మనకు తెలిసింది అదొక్కటే. వాళ్లు ఉడకేసుకుని తింటారు, వేయించి నువ్వులతో దంచి ఉండలు చేస్తారు. వానాకాలం గింజలు నిండుకున్న రోజుల్లో ఆ ఉండలే పిల్లల ఆకలి తీరుస్తాయి. పువ్వు అయ్యాక కాయ కాస్తుంది, గింజ నుంచి నూనె తీస్తారు. ఒక చెట్టు ఇంటికి ఇంతకంటే ఏం చెయ్యాలి?

తునికాకుకు ఇంకా కొద్దివారాలుంది. కొమ్మ కొట్టేశారు, చిగురు ముదరాలి. ఆ కబుర్లు మాత్రం అప్పుడే మొదలయ్యాయి. 50 ఆకులొక కట్ట, 1000 కట్టలొక ప్రామాణిక బస్తా. ఛత్తీస్‌గఢ్‌లో 2024 నుంచి బస్తాకు 5,500 రూపాయలు ఇస్తున్నారు, అంతకుముందు 4,000. అంటే కట్టకు ఐదున్నర. నెల తిరక్కుండా అయిపోయే సీజను. చేతికి రొక్కం వచ్చేది ఈ ఆకుతోనే. కల్లంలో కట్ట తిరగేసి, ఆకు చిల్లిపడిందని పక్కన పడేస్తే ఎదురు చెప్పే ధైర్యం ఇప్పుడు వచ్చిందని ఆమె తమ్ముడు చెప్పాడు.

తమ్ముడూ మరదలూ పది రోజుల కిందటే చర్ల వైపు మిర్చి కోత ముగించుకుని వచ్చారు. సంక్రాంతి అయ్యాక వెళ్లి, చేలోనే పట్టా కట్టుకుని ఉన్నారు. కూలి డబ్బుతో సోలార్ దీపం, పాపకు కొత్త చెప్పులు, కొంత ఎండుమిర్చి తెచ్చుకున్నారు. అదే కారం మేం జావలో నంజుకున్నది. "అక్కా, అక్కడ మమ్మల్ని పేరుతో పిలవరు. ఓ ఛత్తీస్‌గఢ్, ఇటు రా అంటరు" అన్నాడు. కోపంగా అనలేదు. నాకు ముద్ద దిగలేదు. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి తోటల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి అడవి దారిన నడుస్తూ, ఇంకాసేపట్లో ఇల్లు చేరుతుందనగా, 12 ఏళ్ల పిల్ల చనిపోయింది. ఆ వార్త చదివి మనం అయ్యో అన్నాం. మరుసటి జనవరికి మళ్లీ కూలీల లెక్కే చూసుకున్నాం.

మంచి కబురు కూడా చెప్పాలి. 2006లో పాడైన జగర్గొండ బడి 2019 జూన్‌లో మళ్లీ తెరిచారు. పదమూడేళ్ల తర్వాత! నా స్నేహితురాలికి ఆ ఆలస్యం ఏమిటో తెలుసు, ఆమె చదువంతా అందులోనే పక్కదారి పట్టింది. ఇప్పుడు మేనకోడలు ఇంటి నుంచే బడికి పోతోంది. మాకు హిందీ అక్షరాలు రాసి చూపించింది. మేం తెలుగు 'అ' రాసిస్తే, కింద దానికి తోక పెట్టి పిట్టను చేసింది.

వచ్చే నెలలో విత్తనాల పండుగ. మన చింతూరు, వి.ఆర్.పురం వైపు భూమి పండుగ అంటాం. మగవాళ్లు వేటకు పోతే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా వెదురు పెట్టి, పాట పాడుతూ బండ్లు ఆపుతారు. ఆ దారిన పోయేవాళ్లు చిల్లర దగ్గర పెట్టుకోండి. హారన్ కొట్టకండి. దిగి ఒక నిమిషం పాట విని, ఇచ్చేది చేతికిచ్చి వెళ్లండి.

ఆదివారం మధ్యాహ్నం బయల్దేరుతుంటే వాళ్లమ్మ మోదుగాకులో కట్టిన చింతపండు ముద్ద నా సంచిలో పెట్టింది. మొత్తం ఫూల్, ఒక్క గింజ లేదు. అమ్మితే ధర పలికే సరుకు అది. వద్దన్నాను. "నీ వేలు చీలింది గదా, నీ వాటా" అంది. నిన్న దాంతోనే పులుసు పెట్టాను.

జనవరి వస్తే మన చేలకు మళ్లీ వస్తారు వాళ్లు. మిర్చి రైతులకు నేను చెప్పుకునేది ఇదొక్కటే. వచ్చినవాళ్ల పేరు అడగండి, ఏ నార్ నుంచి వచ్చారో అడగండి. వాళ్ల పిల్లల్ని దగ్గర్లోని అంగన్‌వాడీకో బడికో పంపించండి.