దుద్దులు మానేసి కెమెరా కొన్నాను

కిందటేడు చీటీ డబ్బులు చేతికొచ్చాయి. అత్తయ్యగారు దుద్దులు చేయించుకోమన్నారు. నా మనసు మాత్రం కెమెరా మీదుంది. "సెల్‌ఫోన్ ఉందిగా!" అన్నారు మావారు.

ఉందండీ. కానీ మా టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా వలస వచ్చే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఫోన్‌లో తెల్లచుక్కల్లా పడతాయి.

విశాఖలో షాపు అబ్బాయి మెగాపిక్సెల్స్ లెక్క చెబుతూ ఖరీదైన కెమెరాలే చూపించాడు. "చెట్టు మీది పిట్ట కన్ను కనిపిస్తుందా?" అని అడిగాను. దానికి లెన్స్ ముఖ్యమన్నాడు. ఆ మాట పట్టుకుని, కెమెరా సెకండ్‌హ్యాండ్‌ది తీసుకుని, మిగిలిన డబ్బు 55-250 లెన్స్‌కి పెట్టాను.

ఒక్క జాగ్రత్త. పాత లెన్స్ కొంటే వెలుతురుకి ఎత్తి చూడండి, లోపల బూజు పడితే వద్దు. మనది సముద్రపు గాలి కదా! నేను కెమెరాని మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాస్తాను.

మొన్న గూట్లో పిల్లల ముందు చేపలు కక్కుతున్న తల్లికొంగని తీశాను. అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఓలమ్మ! దీని పాట్లూ మనలాటివేనే" అన్నారు.

దుద్దుల మాట మళ్లీ ఎత్తలేదు.