అత్తమ్మ చేతికో రిమోట్

మధ్యాహ్నం మూడు దాటిందంటే అత్తమ్మ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడేది. "బిడ్డా, పనిల ఉన్నవా?" అంటే చాలు, నాకు అర్థమైపోయేది. మా పెళ్లి కేసెట్ పెట్టాలి.

మా పెళ్లి 1997లో ఇక్కడే, పోచంపాడ్‌లో. వీడియో తీసినాయన మమ్మల్ని శ్రీరాంసాగర్ కట్ట మీదికి కూడా తీసుకుపోయి, గేట్ల ముందు నిలబెట్టి తీశాడు. మూడు గంటల కేసెట్. కానీ అత్తమ్మకి కావలసింది అందులో ఒక్క చోటే. భోజనాల దగ్గర మామయ్య భుజాన తువ్వాలు వేసుకుని, కెమెరా వైపు తిరిగి, "అందరు తిన్నరా? ఎవలన్న మిగిలిన్రా?" అంటారు. అంతే. ఆయన పోయాక ఆ గొంతు మిగిలింది అక్కడొక్కచోటే.

మామయ్య దుబాయి నుంచి దుప్పట్లో చుట్టి తెచ్చిన వీసీఆర్ చాలా ఏళ్లు పనిచేసి మూలపడింది. హెడ్ అరిగిందని, సామాను దొరకదని మెకానిక్ చేతులెత్తేశాడు. సరేనని ఆర్మూర్‌లో కేసెట్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. అత్తమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ పుల్లల ఉన్నడా మీ మామ?" అంది. అందరం నవ్వాం. కానీ అందులో ఫైల్ వెతకడం, ముందుకు జరపడం ఆమెకు చేతకాలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు పెట్టాల్సిందే.

ఒకరోజు మా చిన్నోడు, "నానమ్మా, మళ్లీ అదేనా?" అన్నాడు. వాడి మనసులో ఏం లేదు, ఊరికే అన్నాడు. అత్తమ్మ ఆ తర్వాత పది రోజులు గుమ్మం దగ్గరికి రాలేదు. నేను అడిగినా, "ఏమొద్దులే బిడ్డా" అంది. అప్పుడు నాకు తట్టింది. ఆమెకు కావలసింది వీడియో ఒక్కటే కాదు. ఎవరినీ అడగకుండా, ఎవరూ పక్కన లేనప్పుడు చూసుకోవడం.

ఆమెకు అలవాటైంది కేసెటే. భక్తి పాటల డీవీడీలు కూడా ఉన్నాయి. రెండూ ఆడే కాంబో ప్లేయర్ ఒకటి కొందామనుకున్నాను. కొత్తది దొరకదు. చివరిదాకా వీసీఆర్‌లు చేసిన జపాన్ కంపెనీ ఫునాయి కూడా 2016 జూలైలో ఆపేసింది. అమెరికాలో ఉన్న మరిది తనక్కడిది పంపుతానన్నాడు. వద్దన్నాం. అక్కడి ప్లేయర్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, మన కేసెట్లు పాల్ పద్ధతివి. పైగా అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230.

చివరికి మా ఆయన హైదరాబాద్ పోయినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో పాతది ఒకటి దొరికింది. దానికి రిమోట్ లేదు. ఇక్కడే నేను నేర్చుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని చెప్తున్నా.

యూనివర్సల్ రిమోట్‌లో రెండు రకాలు. కోడ్ కొట్టేది ఒకటి, అసలు రిమోట్ చూసి నేర్చుకునేది ఇంకొకటి. అసలు రిమోటే లేనప్పుడు రెండోదాన్ని కొనీ లాభం లేదు. కాబట్టి కోడ్ల పుస్తకంలో పేరున్న బ్రాండే తీసుకోవాలి. కాంబోకి ఇంకో తిరకాసుంది. అది ఒకే డబ్బాలో రెండు మిషన్లు. డిస్క్ నుంచి టేపుకి మారే బటన్ రిమోట్‌లో పనిచేయకపోతే, ఆ బటన్ ప్లేయర్ ముందువైపైనా ఉందో లేదో చూసుకోవాలి. అలాగే ఆన్‌కీ ఆఫ్‌కీ ఒకటే బటన్ అయితే, టీవీ వెలిగేసరికి ప్లేయర్ ఆరిపోతుంది. అందుకని ప్లేయర్‌ని స్విచ్‌బోర్డు దగ్గరే వేసి ఆపుకోమన్నాం. రిమోట్‌లో వాల్యూమ్ ఎప్పుడూ టీవీకే వెళ్లేలా పెట్టేశాం. రిమోట్ పనిచేస్తోందో లేదో అనుమానమొస్తే, ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కండి. కంటికి కనపడని వెలుగు చాలా ఫోన్లలో మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. మేం కోడ్ తప్పనుకుని గంటసేపు కొట్టుకున్నాం. చూస్తే బీరువా అద్దానికి నేను వేసిన పూల పరదా అడ్డం!

అన్నిటికంటే మేలు చేసింది పాతకాలం చిట్కా. కేసెట్ అంచున చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటుంది. దాని మీద మళ్లీ రికార్డు కాకుండా ఆ రెక్క విరిచేస్తారు. అలా విరిచిన కేసెట్ లోపలికి తోస్తే, మా ప్లేయర్ తనంతట తనే టేపుకి మారి ఆడటం మొదలెట్టింది. ఇక అత్తమ్మకి కావలసినవి మూడు బటన్లే: ముందుకు, వెనక్కి, ఆపు. వాటికి నా ఎర్ర గోళ్లరంగు పూశాను. మిగతావాటి మీద అట్టముక్క అంటించాను. టేపు అరుగుతుందన్న బెంగ లేదు, పెన్‌డ్రైవ్ లాకర్‌లో భద్రంగా ఉంది.

మొదటిరోజు చూపించబోతే, "నువ్వు పో బిడ్డా, నేను చూస్కుంట" అని తలుపు దగ్గరగా వేసుకుంది.

ఇప్పుడు మూడు దాటాక గుమ్మం దగ్గరికి ఎవరూ రారు. నేను టీ మరగబెడుతుంటే గదిలోంచి టేపు వెనక్కి తిరిగే గరగర వినిపిస్తుంది. ఆ తర్వాత మామయ్య గొంతు. మళ్లీ గరగర. మళ్లీ గొంతు. ఆ చప్పుడు ఆగేదాకా టీ గ్లాసు పట్టుకుని ఇవతలే ఆగుతాను.