క్రేను బండికి క్రొత్త టైర్లు

గృహిణులు చదువుకొను పత్రికలో లారీ టైర్ల ముచ్చట యేమిటని సోదరీమణులు నవ్వుకొందురేమో. మేమును మొదట నవ్వితిమి. కుండ కొనునపుడు వ్రేలితో మ్రోగించి చూచుట, వంకాయ కొనునపుడు తొడిమ చూచుట మన విద్యలు గాని, ఆరు చక్రముల బండికి టైర్లు ఎంచుట మన విద్య కాదనుకొంటిమి. గడచిన వేసవిలో మా చేతి గాజులు రెండు కుదువకు పోవలసి వచ్చినపుడు ఆ నవ్వు నిలిచిపోయినది.

మా యూరు జనగామ. మావారు బడిలో లెక్కలు చెప్పుదురు. మా తమ్ముడు మహబూబాబాదులో కాపురమున్నాడు. మా పెద్దలు ఆ యూరిని నేటికిని మానుకోట యనియే పిలుతురు. వాని కొక క్రేను బండి కలదు. త్రోవలో చెడి నిలిచిన లారీల ముందరి చక్రములను పైకెత్తి షెడ్డునకు ఈడ్చుకొనిపోవుట వాని జీవనము. జనగామ మీదుగా పోవు హైదరాబాదు వరంగల్ రహదారిపై కొంత పని, భూపాలపల్లి బొగ్గు గనుల దారిలో మరికొంత పని. సింగరేణి బొగ్గు మోయు టిప్పర్లు, చెల్పూరు దగ్గరి కాకతీయ విద్యుత్కేంద్రమునకు పోవు లారీలు ఆ త్రోవను తిరుగుచునే యుండును, తిరుగునది చెడకుండునా! ఫోను మ్రోగిన క్షణమున వాడు బయలుదేరును. పోతనగారి బమ్మెర మా జిల్లాలోనిదే. ఏనుగు మొర విని ఇల్లాలికైనను చెప్పక పరుగెత్తిన స్వామి కథ మా మరదలికి చెప్పగా, ఆమె "మీ తమ్ముడు గూడ గట్లనే గద వదినా" అని ముఖము త్రిప్పుకొన్నది. ఆ మాటలో నవ్వు కొంచెమే యుండెను.

వైశాఖమాసమున ఒకనాటి రాత్రి, పరకాల దాటి భూపాలపల్లి వైపు పోవు దారిలో, లారీ నొకదానిని ఎత్తుకొని వచ్చుచుండగా క్రేను వెనుక ఎడమప్రక్క వెలుపలి టైరు పగిలినది. బండి ప్రక్కకు ఒరిగినది. వెనుక వ్రేలాడు లారీ ఊగి క్రేనును రోడ్డు అంచు వరకు లాగినదట. ఎదుట నుండి ఏ బండియు రాకుండుట మా మరదలి పసుపు కుంకుమల చలువ. తెల్లవారి మెకానిక్కు విప్పి చూచి, తప్పు పగిలిన టైరుది కాదనినాడు. వెనుక చక్రములు జోడీగా నుండును గదా! లోపలి టైరులో ఎన్నినాళ్ల నుండియో గాలి తగ్గియున్నది. వెలుపలిది నిండుగా కనబడుటచే ఎవరును గమనింపలేదు. జోడెడ్లలో ఒకటి కాడి వదలిన రెండవదాని మెడపైననే బరువంతయు పడును. ఆ వెలుపలి టైరు రెండింటి బరువును మోసి, కాగి, పగిలినది.

వెనుకవి నాలుగును మార్చక తప్పదని తేలినది. మూడవనాడు తమ్ముడు ఒక పట్టణపు టైర్ల దుకాణము నుండి ఫోను చేసినాడు. "అక్కా, గాట్లు మస్తు లోతున్నయి. లక్ష కిలోమీటర్లు ఉరుకుతయంటున్నడు. ధర గూడ తక్కువనే. అడ్వాన్సు ఇయ్యనా?"

డబ్బు మేమే సర్దవలసియుండెను గనుక మా కొక ప్రశ్న అడుగు హక్కు కలదు. "నీ బండి ఏడాదికి ఎంత తిరుగునురా?" అంటిమి. వాడు లెక్కించి పదునైదువేలకు మించదనినాడు. మరి లక్ష తిరుగుటకు ఏడేండ్లు పట్టును గదా! అంతవరకు రబ్బరు నిలుచునా? అటుకపై పడవేసిన రబ్బరు చెప్పులు కాలికి వేసుకొనకున్నను పగిలిపోవుట మనము చూచినదే. సరకుల లారీ నిత్యము పరుగెత్తును. దాని టైరు అరిగి చచ్చును. క్రేను బండి పగలెల్ల ఎండలో నిలిచి, పిలుపు వచ్చినపుడు మోయరాని బరువు మోయును. దాని టైరు ముసలితనముచేతను, వేడిచేతను, బరువుచేతను చచ్చును. అట్టిదానికి గాట్ల లోతు చూచి మురియుట, నగల పెట్టె బరువు చూచి బంగారమనుకొనుట వంటిది. పైగా గాటు మందము హెచ్చినకొలది పరుగులో వేడియును హెచ్చునట.

టైరు ప్రక్కభాగమును ఫోటో తీసి పంపుమంటిమి. ఆ నల్లని గోడపై అక్షరములు మా నాయనగారి తాటియాకుల పుస్తకములకంటె కఠినముగా కనబడినవి గాని, కూడబలుకుకొని చదివితిమి. డి, ఓ, టి అను మూడక్షరములతో మొదలగు వరుస చివర నాలుగంకెలుండును. వానిలో మొదటి రెండును వారము, చివరి రెండును సంవత్సరము. అచ్చట 2320 అని యున్నది. అనగా 2020వ సంవత్సరమున 23వ వారము. కొననున్న "క్రొత్త" టైరుకు అప్పటికే అయిదేండ్ల యీడు! ధర తగ్గుటకు కారణము తెలిసినది. పెండ్లికూతురి యీడు దాచిన సంబంధము వలె దానిని వదలుకొంటిమి.

అదే ఫోటోలో 146/143 అను మరియొక గుర్తు కలదు. దానిని మావారు విడదీసిరి. 146 అనగా ఆ టైరు ఒంటరిగా 3000 కిలోలు మోయును. 143 అనగా జోడీలో నున్నపుడు 2725 కిలోలు మాత్రమే. అదియును నిర్ణయించిన గాలి నిండుగా నున్నపుడే. జోడీ టైర్లు నాలుగింటికి కలిపి 10,900 కిలోలు. తమ్ముడు ఖాళీ క్రేను వెనుక చక్రములను మాత్రము ధర్మకాంటపై నిలిపి తూచగా అయిదు టన్నులు వచ్చినది.

మావారు నల్లబల్ల తెప్పించకపోవుట మా యదృష్టము. కందిపప్పు చాటను తిరుగవేసి సుద్దముక్కతో దానిపైననే లెక్క వేసిరి. బండి ముందు ఇరుసునకు వెనుక ఇరుసునకు నడుమ 4.2 మీటర్లు. కొక్కెము వెనుక ఇరుసునకు ఆవల 2.1 మీటర్లు. ఆ కొక్కెమునకు నాలుగు టన్నులు వ్రేలాడినచో వెనుక ఇరుసుపై పడునది నాలుగు గాదు, ఆరు! హెచ్చిన రెండు టన్నులు ముందు ఇరుసు నుండి వచ్చినవి. అందుచేత ముందరి చక్రములు నేలను తేలికగా అంటుకొని స్టీరింగు మాట వినవు. ఏతమును తొక్కినవారికి ఈ న్యాయము తెలియును. అయిదును ఆరును పదునొకండు టన్నులు. టైర్లు మోయగలది పదియున్నర దాటి కొంచెము, పదునొకండునకు నూరు కిలోలు తక్కువ. అనగా గాలి సరిగా నున్ననాడును ఆ టైర్లు ప్రతి పెద్ద లారీకి హద్దు దాటుచునే యుండినవి. మా తమ్ముడు ఇన్నేండ్లు ఆ బండిలో కూర్చుండి తిరిగినాడు. ఆ పూట మాకు అన్నము సయించలేదు.

నాలుగు టైర్ల ఇరుసు మోయదగిన బరువును కేంద్రప్రభుత్వము 2018 జూలైలో 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు పెంచినది. చట్టము ఒప్పుకొన్నంతనే పాత టైరు ఒప్పుకొనదు గదా! కావున అదే కొలతలో 149/146 గుర్తు గల టైర్లు అడుగుమంటిమి. జోడీలో ఒక్కొక్కటి 3000, నాలుగింటికి 12,000 కిలోలు. దుకాణములవారు దీనిని 18 ప్లై యందురు, మునుపటిది 16 ప్లై. ఈ ప్లై యనునది పూర్వము బట్టపొరల లెక్క. ఇప్పటి రేడియల్ టైరులో అన్ని పొరలుండవు, ఉక్కుతీగల పొర యుండును, అంకె బలమును తెలుపుటకు మాత్రము మిగిలినది. గనుల రాళ్లపై ప్రక్కగోడ కోత పడకుండుటకు నైలాన్ టైరే మేలని మెకానిక్కు వాదించినాడు. అందును నిజము కలదు. కాని మా వాని పని తారురోడ్డుపై దూరపు ఈడ్పు. అచ్చట చల్లగా నడచునది రేడియలే.

ధర విని మావారు వెనుకాడిరి. ఒక్కొక్కటి ఇరువదివేలకు పైన. ట్యూబులు, ఫ్లాపులు కలిపి లక్షకు చేరువ. పాత టైరుపై క్రొత్త రబ్బరు వేయించిన మూడవవంతు డబ్బుతో తీరును గదా యనిరి. ఆ పనిని మేము తక్కువ చేయము. గట్టి శరీరము గల టైరుకు చక్కగా వేయించినది వెనుక చక్రములకు మేలుగనే పనిచేయును, ఎన్నియో లారీలు వానితోనే బ్రదుకుచున్నవి. కాని మా టైర్లు హద్దుమీరిన బరువుతో లోలోపల నలిగినవి. చిరుగు పట్టిన పట్టుచీరకు క్రొత్త అంచు కుట్టించి యేమి లాభము? ఈ మాటకు వారు మాఱు చెప్పలేదు. చాటపై లెక్కను తుడిచిరి.

యుద్ధములో దశరథుని రథమునకు శీల ఊడిపోగా కైకేయి వ్రేలు చొప్పించి చక్రమును నిలిపినదని మన ముసలమ్మలు చెప్పుదురు. వాల్మీకమున ఆ వ్రేలి మాట లేదు. మూర్ఛిల్లిన భర్తను రణరంగము నుండి తప్పించి కాపాడినదని మాత్రమే కలదు. ఏది యైనను, వరములు రెండు అడుగవలెనని మా మరదలితో వేళాకోళమాడుచు గాజులు రెండును తీసి యిచ్చితిమి. ఆమె యేడ్చినది. మాకును కన్ను చెమర్చినది. అవి మా యమ్మ పెట్టినవి.

ఒకే మాదిరివి, ఆ యేటివే, నాలుగు టైర్లు వచ్చినవి. ట్యూబులును ఫ్లాపులును క్రొత్తవే వేయించితిమి; పాతవి సాగి మడతపడి క్రొత్త టైరును చెఱచునట. ముందరివి రెండేండ్లవి గనుక వానిని ఉంచి, చక్రముల వరుస సరిచేయించితిమి. పాతవానిలో చెడని దొకటి స్టెప్నీగా మిగిలినది. అది ఖాళీబండి ఇల్లు చేరుటకే గాని బరువెత్తుటకు గాదని దానిపై సున్నముతో గుర్తు పెట్టించితిమి. టైరు బలము పెరిగినంత మాత్రమున బండి బలము పెరుగదు గావున, కొక్కెమునకు నాలుగు టన్నులు మించినచో పెద్ద క్రేనును పిలిపింపుమని తమ్మునిచే మాట తీసికొంటిమి. మొన్న భూపాలపల్లిలో బొగ్గు నిండిన టిప్పరు నొకదానిని అట్లే వదలుకొని వచ్చినాడు. ఆనాటి సంపాదన పోయినది.

లోపలి టైరునకు చేయి అందక గాలి చూడకుండుటయే మొదటి కీడు. దానికి వాల్వు పొడిగింపు గొట్టము బిగించినారు. ఇనుపకడ్డీతో కొట్టి చప్పుడు వినుట మన కుండ పరీక్ష వంటిదే. పూర్తిగా గాలి పోయినదానిని పట్టును, కొంత తగ్గినదానిని పట్టదు. కాబట్టి మీటరు కొన్నారు. బండి కదలక ముందు, చల్లగా నున్న ప్రాతఃకాలమున, మా మరదలే ముగ్గు వేసి లేచి ఆరు టైర్లకును గాలి చూచి, పాలలెక్క వ్రాయు పుస్తకములోనే వెనుక పుటలలో వ్రాయుచున్నది. మొన్న మానుకోట పోయినపుడు చూచితిమి. ఒకచోట లోపలి ఎడమది నాలుగు పాయింట్లు తగ్గినదని వ్రాసి, దాని క్రింద "వాల్వు మార్పించినది" అనియున్నది.

గాజులలో ఒకటి విడిపించినాడు. రెండవది సంక్రాంతికి తెత్తునన్నాడు.