అంకె చూడని రేణువు

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలోని చిన్న త్రాసులో ఎవరూ పత్తి బేళ్ళను తూచరు. అది తప్పుడు త్రాసని కాదు, ఆ పనికి చేసినది కాదని. గాలి నాణ్యతను తెలిపే అంకె విషయంలోనూ ఇదే వివేకం అవసరమని మా ఇంటి అనుభవం మాకు నేర్పింది.

ఏటా వానలు పడిన కొన్ని వారాలకు మా కోడలికి తుమ్ములు, కళ్ళ దురద, ఆపై పిల్లికూతలతో ఆయాసం మొదలవుతాయి. ఫోనులో అంకె చూసిన బంధువులు కొందరు, "గాలి బాగానే ఉంది, ఇదంతా పని తప్పించుకునే వంక" అన్నారు. ఆయాసం కంటే ఆ మాటే ఆమెను ఎక్కువ బాధించింది.

ఇంతకూ ఆ అంకె దేనిని లెక్కిస్తుంది? పీఎం 10 అంటే 10 మైక్రాన్ల లోపు కణాలు, పీఎం 2.5 అంటే అంతకంటే సూక్ష్మమైనవి. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. సిమెంటు ధూళి, వాహనాల పొగ ఈ లెక్కలోకి వస్తాయి. పుప్పొడి రేణువులు చాలావరకు 10 మైక్రాన్లకు మించినవి గనుక దాదాపుగా రావు. వాటిని జిగురు పట్టీపై పట్టి, సూక్ష్మదర్శినిలో చూసి లెక్కించవలసిందే.

పైగా వానకు ధూళి అణగి అంకె తగ్గుతుంది. ఆ వానకే జమ్మలమడుగు బీళ్ళలో, పులివెందుల దారుల వెంట వయ్యారిభామ మొలిచి పూస్తుంది. ఇక సర్కారు తుమ్మను వంటచెరకు కోసం 1877లో నాటినది మన జిల్లా కమలాపురంలోనే. ఈ రెండింటి పుప్పొడీ అలర్జీ కారకమే.

అలాగని ధూళికీ పుప్పొడికీ సంబంధం లేకపోలేదు. పొగకు ఒరిసిన శ్వాసనాళాలను పుప్పొడి మరింత బాధిస్తుంది. తేమకు పగిలిన పుప్పొడి తునకలు పీఎం 2.5లో కలిసిపోతాయి, యంత్రం వాటిని వేరుగా గుర్తించలేదు. 2016 నవంబరులో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో ఉరుముల గాలివాన వేళ గడ్డి పుప్పొడి వల్ల వేలమందికి ఆయాసం వచ్చింది, పదిమంది మరణించారు.

సాక్షి తాను చూసినదానికే సాక్ష్యమివ్వాలన్నది ఇస్లామీయ న్యాయం. ఆ అంకె ధూళికి సాక్షి. కోడలి ఊపిరికి కాదు. అనుమానాలను మానుకోవాలన్న అల్ హుజురాత్ సూరా (49:12) ఆదేశం ఇంటి గడప లోపల కూడా వర్తిస్తుంది.

ఇప్పుడామె వైద్యుని సలహాతో ఇన్‌హేలరు వాడుతున్నది. పూత రాకముందే మేము చేతులకు తొడుగులు వేసుకొని పెరటి వెనుక వయ్యారిభామను పీకివేస్తున్నాము. బంధువులు మళ్ళీ అంకె చూపితే, ముందు ఆమెను అడగమంటున్నాము.