యంత్రమున కూపిరి

మోటారు యంత్రమును గూర్చి గృహిణుల కేల యని మీరు నవ్వవచ్చును. నిరుటివఱకు మేమును నట్లే నవ్వుచుంటిమి.

మా నివాసము విశాఖపట్టణము. నిరుడు మార్గశిరమున శృంగవరపుకోట దాటి అనంతగిరి కెక్కు ఘాటు దారిలో మా పాత కారు ఐదుగురిని మోయలేక మలుపున నిలిచిపోయెను. వెనుక లారీ, ప్రక్కన లోయ. మా యత్తగారు కన్నులు మూసికొని రామనామము జపింపసాగిరి. ఎట్లో యిల్లు చేరితిమి.

మఱునాడే మా కుమారుడు, "అమ్మా, టర్బో పెట్టించుదాము; పెద్దది పెట్టించినచో కారు కొండనైన నెగురును" అని పట్టుపట్టెను. ఖర్చునకు మా చీటీ సొమ్మే గతి. మూడేండ్లు కూడబెట్టిన ధనమగుటచే, విషయము తెలియక యీయజాలమని వానిని వెంటబెట్టుకొని మెకానిక్కు కడకు బోయితిమి.

ఇంజను విడుచు పొగ యూరక పోవును గదా! ఆ పొగ యొక చిన్న చక్రమును ద్రిప్పగా, అదే యిరుసు రెండవ కొన నున్న చక్రము బయటిగాలిని నొక్కి యింజనులోనికి బంపును. గాలి హెచ్చిన కొలది నింధనము నెక్కువగా మండించి బలము పొందవచ్చును. ఊదుగొట్టముతో పొయ్యి నూదుట మన మెఱుగనిదా? స్విట్జర్లాండు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందెను. ఆ చక్రములు నిమిషమునకు లక్ష చుట్లకు మించి తిరుగగలవు.

"అమ్మగారూ, పెద్దది బలమైనదే. కాని పొగ వేగము పుంజుకొనువఱకు లేవదు. చిన్నది వెంటనే లేచును, పరుగు మిక్కిలి హెచ్చినప్పుడు మాత్రము దానికి శక్తి చాలదు" అని మెకానిక్కు చెప్పెను.

మాకు వెంటనే బోధపడినది. నలుగురి వంటకు పెండ్లి గుండిగ నెక్కించినచో నెసరు మరుగుటకే ప్రొద్దు గూకును. మెల్లగా మలుపులెక్కు సంసారమునకు చిన్నదే తగును.

అయితే చిక్కు అంతటితో తీరలేదు. నొక్కిన గాలి వేడెక్కును. దానిని చల్లార్చు ఇంటర్‌కూలరు కావలెను. ఇంధనపు కొలత మార్చవలెను. మామూలు గాలికై చేసిన మా పాత యింజనులో నింత గాలి గ్రుక్కినచో పిస్టన్లే పగులవచ్చునట. పైగా, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది.

మావాడు రెండు దినములు మాతో మాటలాడలేదు. మూడవనాడు తానే వచ్చి, "ఇంజనుతోపాటే చిన్న టర్బో అమర్చి చేసిన కారు చూచుదమా?" అనెను. పాతకారు నమ్మి, చీటీ సొమ్ము కలిపి, ఒకరు వాడిన అట్టి కారునే కొంటిమి.

మొన్న మరల అరకు పోయితిమి. ఘాటు దారి పొడవునను అత్తగారు నిద్రించిరి. పైకి చేరిన వెంటనే యింజను నార్పక, టర్బో చల్లబడుటకు నిమిషమైన నాగుమని మెకానిక్కు చెప్పియుండెను. కుమారు డట్లే కూర్చుండెను.

"దిగక యేలరా కూర్చుంటివి?" అని అత్తగా రడిగిరి.

"దాని నొకింత యూపిరి దీసికోనీ, మామ్మా!" అనెను వాడు.