సన్నని నీటి ధార

2022లో రమజాన్ మాసం ఏప్రిల్ 3న ఆరంభమైంది. తూర్పు తీరంలో ఏటా అమలయ్యే వేట నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు ఉంటుంది. అందువల్ల ఆ యేడు మా మదరసా సెలవులూ, సముద్రపు సెలవులూ ఒకేసారి వచ్చాయి. మేము బందరు దాపున ఉన్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాము. పెరట్లో ఆ ఇంటి జీవనాధారం గోనెపట్టా కప్పుకొని, కొయ్య స్టాండుకు బిగించి ఉంది. అది 15 హార్స్‌పవర్ బోటు మోటారు.

చెల్లెలి భర్త మరణించిన నాటి నుండి (అల్లాహ్ ఆయనను మన్నించుగాక) బోటు మేనల్లుడి చేతిలోను, లెక్కల పుస్తకం మా చేతిలోను ఉన్నాయి. మార్చి నెలలో ఒకనాడు, తీరం కనుమరుగైన చోట, మోటారు నుండి రంగు కాలుతున్న వాసన వచ్చింది. వాడు వెనక్కి తిరిగి చూస్తే, మోటారు వెనుక రంధ్రం నుండి నిరంతరం రావలసిన సన్నని నీటి ధార లేదు. వెంటనే మోటారు ఆపివేశాడు. మరి కొంతసేపు నడిపి ఉంటే పిస్టను పట్టేసి, మోటారు పాత ఇనుముకు కూడా కొరగాకుండా పోయేదే. ముగ్గురు మనుషులు ఆ పూటంతా అలలపై కొట్టుకుపోయారు. సాయంకాలానికి మరో బోటు వారు తాడు కట్టి లాక్కొచ్చారు. చెల్లెలు జానమాజ్ మీద నుండి లేవలేదట. ఈ సంగతి ఫోనులో విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అందుకు మరొక కారణమూ ఉంది. దానిని తరువాత చెబుతాము.

మా తండ్రిగారు పడవ ఇంజన్లు విప్పేటప్పుడు లాంతరు పట్టుకొని నిలబడిన బాల్యం మాది. అరబ్బీ వ్యాకరణంలో పడి ఆ విద్యను మరచిపోయామనుకున్నాము గాని, పానా చేతికి రాగానే వేళ్లకు జ్ఞాపకం వచ్చింది. బోటు మోటారు తాను నడిచే నీటితోనే తనను చల్లార్చుకొంటుంది. కింది గేరుకేసు పైన ఒక చిన్న పంపు ఉంటుంది. దానిలోని రెక్కల రబ్బరు చక్రాన్ని ఇంపెల్లర్ అంటారు. అది తిరుగుతూ నీటిని పైకి తోస్తుంది. ఆ నీరు సిలిండర్ చుట్టూ తిరిగి బయటికి పోతుంది. దానిలో కొంత భాగం వెనుక రంధ్రం నుండి ధారగా కనిపిస్తుంది. ధార ఆగిందంటే ముందుగా అనుమానించవలసింది ఆ రబ్బరు చక్రాన్నే.

మొదట ప్లగ్గు వైర్లు తీసివేశాము. విప్పుతూ చేత్తో తిప్పేటప్పుడు మోటారు పొరపాటున అందుకొంటే వేళ్లు పోతాయి. ఆ తరువాత గేరుకేసు బోల్టులు మమ్మల్ని రెండు రోజులు ఆపాయి. ఉప్పునీటిలో స్టీలు బోల్టు అల్యూమినియంలో కరచుకొని పోతుంది. బలం ఉపయోగిస్తే తల తెగుతుంది. మిగిలిన మొండెం తీయడానికి లేతు పనివాడే దిక్కు. కిరోసిను, నూనె కలిపి పోసి, సుత్తితో మెల్లగా తట్టి, రాత్రంతా వదిలివేశాము. మరునాడు మూడు వచ్చాయి. నాలుగవది ఆపై రోజు, అసర్ నమాజు తరువాత, కిర్రుమని కదిలింది. ఆ చప్పుడుకు మేనల్లుడు చిన్నపిల్లవాడిలా నవ్వాడు.

గేరు కడ్డీ జాయింటు విప్పి, కేసును కిందికి దించి, పంపు మూత తీశాము. ఆరు రెక్కలలో మూడే మిగిలాయి. అవి కూడా ఎండిన తాటాకులా బిరుసెక్కి, ఒకవైపుకు వంగి ఉన్నాయి. విరిగిన ముక్కలు పంపులో రెండు దొరికాయి. మూడవది లేదు.

కొత్త చక్రం వేసి మూసేయడానికి చాలామంది తొందరపడేది ఇక్కడే. తప్పిపోయిన ముక్క పైన ఎక్కడో నీటి దారిలో అడ్డుపడి ఉంటుంది. దాన్ని తీయకుంటే కొత్త చక్రమూ వ్యర్థమే. ఉపవాసంలో నోటితో గొట్టం ఊదడానికి ఇద్దరమూ జంకి, సైకిలు పంపు తెచ్చాము. గొట్టం శుభ్రంగానే ఉంది. చివరకు సిలిండర్ పైనున్న థర్మోస్టాట్ మూత తీస్తే, గడ్డకట్టిన ఉప్పు మధ్య నల్లని ముక్క కనిపించింది.

దాన్ని అరచేతిలో పెట్టుకొని మేము చాలాసేపు మాట్లాడలేదు. రెండేళ్ల క్రితం మెకానిక్కు రాసిచ్చిన చీటీలో, ‘ఇంపెల్లర్ మార్చాలి’ అన్న వరుస ఉండేది. ధార బాగానే వస్తున్నది కదా అని ఆ వరుసపై గీత కొట్టింది మేమే. అంతటితో ఊరుకోక, మేనల్లుణ్ణి కూర్చోబెట్టి ఇస్రాఫ్ గురించి, దుబారా గురించి అరగంట బోధించాము కూడా. తరగతిలో పిల్లవాడు ఒక అక్షరం తప్పు పలికితే ఆపి దిద్దే నోరు మాది. ఆ నోటికి ఆనాడు ఒక్క వాక్యం పలకడం ఎంత కష్టమైందో!

‘‘నాయనా, ఆ చీటీలో వరుస కొట్టేసింది మేము. మార్చిలో మీకు జరిగినది మా చేతి రాత వల్ల జరిగింది.’’

వాడు తలెత్తలేదు. ‘‘తెలుసు మామూజాన్. ముందు ఆ చీల కింద పడకుండా పట్టుకోండి.’’

చక్రాన్ని ఇరుసుకు పట్టి ఉంచే అర్ధచంద్రాకారపు చీల అది. నిజంగానే జారిపోబోతున్నది. పట్టుకున్నాము.

కొత్త చక్రానికి సబ్బునీరు రాసి, ఇరుసును పైనుంచి చూస్తే గడియారం తిరిగే దిక్కున తిప్పుతూ, మూతను కిందికి నొక్కాము. రెక్కలన్నీ ఒకే వైపు వంగి కూర్చున్నాయి. థర్మోస్టాట్ మూతకు కొత్త గాస్కెట్ వేశాము. కేసు తిరిగి ఎక్కించడం ఒంటరి మనిషి పని కాదు. ఒకరు ఎత్తాలి, ఒకరు ఇరుసునూ, నీటి గొట్టాన్నీ, గేరు కడ్డీనీ వాటి వాటి చోట్లకు నడపాలి. మూడుసార్లు దించి ఎక్కించాము.

మగ్రిబ్‌కు కొంత ముందు, పంపు బాగా మునిగేటట్లు డ్రమ్ములో మంచినీరు నింపి మోటారును దించాము. నీరు లేకుండా క్షణకాలం నడిపినా రబ్బరు కమిలిపోతుంది. మేనల్లుడు తాడు లాగాడు. రెండవ లాగుకు అందుకొంది. పెరడంతా పొగ. రంధ్రం పొడిగానే ఉంది. చెల్లెలు ఖర్జూరాల పళ్లెంతో గడపలోనే నిలిచిపోయింది. ముందు కాస్త చిమ్మి, ఆగి, ఆ తరువాత ధార నిలకడగా వచ్చింది. వాడు దాని కింద చేయి పెట్టి, ‘‘గోరువెచ్చగా ఉంది, చూడండి’’ అన్నాడు. మేమూ పెట్టాము.

ఆ రాత్రి తరావీహ్ తరువాత లెక్కల పుస్తకం తెరిచి, వచ్చే ఏప్రిల్ ఖర్చులలో మొదటి వరుసగా ఇంపెల్లర్ ధర రాశాము. వాడు పక్కనే కూర్చొని చూసి, ‘‘గాస్కెట్ కూడా రాయండి మామూజాన్’’ అన్నాడు.