సత్యభామ జడ

చిన్నప్పుడు నాన్నగారి భుజం మీద నిద్రపోతూ భామాకలాపం ‘చూశాను’. తెల్లవార్లూ జరిగిన ఆ ఆటలో నాకు జ్ఞాపకమున్నది ఒక్కటే: తెర మీదుగా ఇవతలికి వచ్చి పడిన పొడుగాటి జడ. దాన్ని మళ్ళీ చూడాలనిపించి ఈమధ్య బెజవాడలో బస్సెక్కాను.

కంకిపాడు, ఉయ్యూరు దాటి పామర్రులో మలుపు తిరిగితే కూచిపూడి ఎంతో దూరం లేదు. దారి పొడుగునా కాలవలూ, వరిచేలూ. పక్కనే క్షేత్రయ్యగారి మువ్వ. “ఈ నీళ్ళలోనే ఏదో ఉందండీ!” అన్నాడు పక్క సీటు పెద్దమనిషి. నీళ్ళ మాటేమో గాని, ఆ ఊళ్ళో ఒక మొక్కు ఉంది. భామాకలాపం రచించిన సిద్ధేంద్రయోగి, అక్కడి భాగవతుల ఇళ్ళలో పుట్టిన ప్రతి మగవాడూ జన్మలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని మాట తీసుకున్నాడని చెబుతారు.

నేను వెళ్ళిన ఇంట్లో ఆ మొక్కు గురించే వాదన జరుగుతోంది. మనవడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగి. సెలవు పెట్టి వచ్చాడు.

“మీసం తీయకపోతే కుదరదా, తాతయ్యా? ఆఫీసులో అడుగుతారు.”

“సత్యభామకు మీసమేమిట్రా! అడిగితే కృష్ణుడి మీద అలిగానని చెప్పు.”

తరవాత ముసలాయన నాతో అన్నాడు: “వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకూ నేర్పారు. వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టి ఎందరినో తయారుచేశారు. ఇవాళ దేశదేశాల్లో మన నాట్యం ఆడుతున్నారు. సంతోషమే. కాని మేళం కట్టి రాత్రంతా ఆడేవాళ్ళేరీ? సత్యభామ అంటే వేదాంతం సత్యనారాయణశర్మగారే అనేవాళ్ళం. ఆయనా, చినసత్యంగారూ ఇద్దరూ 2012లోనే వెళ్ళిపోయారు.”

మేళంలో పాట కట్టుబాటుది. మాటలు మాత్రం ఆ పూటవి. అమెరికా జాజ్ బృందాల్లో ఒక్కొక్క వాద్యగాడూ లేచి, అప్పటికప్పుడు కల్పించి వాయించి, మళ్ళీ గుంపులో కలుస్తాడు. ఇక్కడ ఆ చమత్కారం సత్యభామకూ, చెలికత్తె మాధవికీ నడిచే సంభాషణలో ఉంటుంది. తాళం పట్టిన సూత్రధారుడే మాధవి కూడా!

ఆ రాత్రి గుడి ముందు తెర పట్టారు. మృదంగం మోగింది. జడ వచ్చి తెర మీద పడింది. నన్ను గెలిచేవారుంటే ఈ జడ కోసి ఇస్తానని సత్యభామ సవాలట అది. తెర తీశారు. మీసం లేని మనవణ్ణి ఒక్క క్షణం నేను పోల్చుకోలేకపోయాను.

దరువు బాగానే సాగింది. సంభాషణలో మాత్రం కుర్రాడు ఆగిపోయాడు. మాట రాలేదు. మృదంగం ఊరికే నడుస్తోంది. నా గుండె ఝల్లుమంది.

తాళం పట్టిన తాతగారు తాపీగా, “ఏమమ్మా, అలకలో మాటలు కూడా పారేసుకున్నావా?” అన్నారు.

జనం గొల్లుమన్నారు. కుర్రాడు నడుం మీద చెయ్యి వేసుకుని, “పారేసుకోలేదే మాధవీ! నీ స్వామి దొంగ కాడూ? ఎత్తుకుపోయాడు!” అన్నాడు.

ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ముసలాయన తాళం ఒక్కసారి గట్టిగా పలికింది.

మర్నాడు బస్సులో అతను నా పక్కనే కూర్చున్నాడు.

“ఒక్కసారికేగా మొక్కు? తీరిపోయింది” అన్నాను.

బోడి పెదవి తడుముకుంటూ నవ్వాడు: “ఇది మళ్ళీ పెరిగేలోగా ఇంకోసారి వేద్దామనుకుంటున్నానండీ.”